రవీంద్రకవియు పసిపిల్లల పుస్తకములును

గ్రంథాలయమునకు వచ్చు పెద్దలు తమకు కావలసిన గ్రంథమును తామే యెన్నుకొందురు. వారికి పట్టిక యొకటి చాలును. ఐదాఱేండ్ల పిల్లవానికి అట్టి శక్తి యింకను కలుగలేదు. వానికొఱకు ఎవరో పెద్దవారు ఎన్నవలసియున్నది. ఆ యెన్నిక కుదిరెనా, వాడు బ్రతికియున్నంతకాలము పుస్తకమును విడువడు. కుదరదా, పుస్తకమనగానే వానికి బెత్తము జ్ఞప్తికి వచ్చును. కావున ఒక గ్రంథాలయము చేయు పనులన్నిటిలో మిక్కిలి చిన్నదిగా కనిపించి మిక్కిలి పెద్దదైన పని పసిపిల్లల పుస్తకములను ఏరుటయే. ఈ సంగతిని బాల్యమున తానే యనుభవించి, నడివయస్సున పాఠశాల నెలకొల్పి పరీక్షించి, వార్ధకమున ఒక బొమ్మల వాచకమును రచించి చూపిన మహనీయుడు రవీంద్రనాథ ఠాకూరు. గీతాంజలి కర్తగా ఆయనను ఎఱుగనివారు లేరు. పిల్లల వాచకకర్తగా ఆయన చేసిన సేవ దానికి తీసిపోవునది కాదు. ఆయన కొన్నిదినములు మదనపల్లెలో విడిసినవాడగుటచే ఈ సీమవారికి ఆ చరిత్ర మఱింత ఆత్మీయము.

జననము, బాల్యము

రవీంద్రుడు 1861వ సంవత్సరము మే 7వ తేదీన కలకత్తా నగరమున జోడాసాంకో పేటలోని ఠాకూరుల లోగిలియందు జన్మించెను. తాత ద్వారకానాథుడు పేరుమోసిన వర్తకుడు, భూస్వామి. తండ్రి దేవేంద్రనాథుడు బ్రహ్మసమాజమునకు పెద్దదిక్కు. లోకము ఆయనను మహర్షి యని పిలిచెను. తల్లి శారదాదేవి. బ్రతికి బట్టకట్టిన సంతానములో రవీంద్రుడే కడగొట్టువాడు.

ఇల్లు సంపన్నమైనను పిల్లల పెంపకమంతయు సేవకుల చేతిలో నుండెను. శ్యాముడను సేవకుడు బాలుని ఒకచోట కూర్చుండబెట్టి, చుట్టును సుద్దముక్కతో గీత గీచి, దానిని దాటినచో ఆపద తప్పదని బెదరించి తన పనిమీద పోయెడివాడు. లక్ష్మణుని గీత దాటి సీతాదేవి పడిన పాట్లు అప్పటికే విన్నవాడగుటచే ఆ బాలుడు కదలెడివాడు కాడు. కిటికీలోనుండి ఒక కొలను, దాని గట్టున ఊడలు దిగిన మఱ్ఱిచెట్టు, స్నానమునకు వచ్చిపోవు జనము కనబడుచుండిరి. ఒకడు ముక్కు మూసికొని మునుగును, ఒకడు మెట్లమీదనుండి దుముకును. గంటలతరబడి ఆ దృశ్యమును చూచుటయే ఆతనికి వినోదము. ఆతని తొలి బొమ్మల పుస్తకము ఆ కిటికీయే యనవచ్చును.

అక్షరాభ్యాసమైన పిమ్మట ఆతని చేతికి ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో ప్రకటించిన వర్ణపరిచయము వచ్చెను. గుణింతములతోను పొడిమాటలతోను కుస్తీపట్టి అలసిన బాలునికి ఒకనాడు అందులో వాన కురియుటను, ఆకు కదలుటను చెప్పు రెండు చిన్నమాటలు అంత్యప్రాసతో కానవచ్చెను. అంతవఱకు అక్షరములు అక్షరములుగానే యుండెను. ఆ క్షణమున వాన కనబడెను, ఆకు కదలెను. ఆ దినమంతయు ఆ మాటలు చెవిలో మ్రోగుచునే యుండెనట. తానెఱిగిన మొదటి కవిత్వము అదియే యని ఆయన పెద్దవాడైన పిమ్మట తన జీవితస్మృతులలో వ్రాసికొనెను. చదువుట యనగా కన్నులతో అక్షరమును పోల్చుట మాత్రమే కాదు, మనస్సులో బొమ్మ లేచుట యని ఆ బాలునికి ఆనాడు తెలిసెను.

సాయంకాలములందు ఆముదపు దీపము ముందు కూర్చుండి ఒక సేవకుడు కృత్తివాసుని వంగ రామాయణమును చదువగా పిల్లలు చుట్టును చేరి వినెడివారు. ఒకనాడు బాలుడు ఇంటిలోని ముదుసలి బంధువొకామె నిత్యపారాయణము చేయు చినిగిన రామాయణ ప్రతిని తీసికొని తల్లి గది గుమ్మముకడ కూర్చుండి తానే చదువసాగెను. దుఃఖఘట్టము వచ్చినంతనే కన్నుల నీరు కాఱెను. ఆమె అది చూచి పుస్తకమును చేతిలోనుండి లాగికొనెను. ఏడ్పించిన పుస్తకమైనను బాలునికి అది ఇష్టముగనే యుండెను.

అన్నగారి బీరువాలో రాజేంద్రలాల మిత్రుడు ప్రకటించిన వివిధార్థ సంగ్రహమను సచిత్ర మాసపత్రిక సంపుటము లుండెను. బాలుడు ఎట్లో యొక సంపుటమును సంపాదించెను. నలుచదరపు పెద్ద పుస్తకము. సెలవు దినములందు మధ్యాహ్నవేళ మంచముమీద వెల్లకిల పరుండి, దానిని ఱొమ్ముపై నిలుపుకొని, నార్వాలను కొమ్ము తిమింగిలమును గూర్చియు, పూర్వపు ఖాజీల విచిత్ర తీర్పులను గూర్చియు మరలమరల చదువుకొనెను. ఎవరును పరీక్ష పెట్టరు, ఎవరును అప్పగింపు మనరు. అయినను ఆ చదువు పెక్కేండ్ల పిమ్మటను ఆయనకు చెక్కుచెదరక జ్ఞప్తియందుండెను.

బడులయందలి కష్టము

దీనికి సరిగా ఎదురైనది ఇంగ్లీషు వాచకము. రాత్రి దీపము వెలిగించువేళకు వైద్యవిద్యార్థి యొకడు ఇంగ్లీషు చెప్పుటకు వచ్చెడివాడు. వానలో వీధులు మోకాలిబంటి నీటితో నిండిన రాత్రియందును మలుపుకడ ఆ యుపాధ్యాయుని గొడుగు తప్పక కనబడెడిది; పిల్లల గుండె జారెడిది. ఆ వాచకమునకు నల్లని అట్ట. భాష కఠినము, విషయము నీరసము. పుటలలో ఒక్క బొమ్మయైనను లేదు. ప్రతి పాఠము మొగసాలయందును విఱిచి వ్రాసిన పెద్దపెద్ద మాటలు తుపాకి మొనలు ఎత్తిన కావలివాండ్రవలె నిలిచియుండెడివట. బాలుడు చదువుచు చదువుచు నిద్రలో తూలెడివాడు. అన్నగారెవరైన ఆ దారిని పోవుచు చూచి సెలవిచ్చినచో ఆ నిద్ర తత్క్షణమే మాయమయ్యెడిది.

బడులును అట్లే యుండెను. ఓరియంటల్ సెమినరీ, నార్మల్ స్కూలు, బెంగాల్ అకాడెమీ, సెంట్ జేవియర్స్ అని ఒకదానివెంట ఒకటి మారెను. ఒక బడిలో పిల్లలందఱును ఆరంభవేళ ఒక ఇంగ్లీషు పాటను వరుసగా నిలిచి పాడవలసియుండెను. అర్థము ఒక్కరికిని తెలియదు. నోళ్లలో నలిగి నలిగి ఆ మాటలు ఇంగ్లీషును కాక వంగమును కాక ఏదో వింతధ్వనిగా మిగిలెను. ఇంటికి వచ్చిన బాలుడు వసారాలోని కొయ్య కమ్ములను శిష్యులుగా భావించి తాను ఉపాధ్యాయుడై బెత్తముతో కొట్టెడివాడు. బడిలో చెప్పిన పాఠము ఆతనికి అంటలేదు. ఉపాధ్యాయుని కోపము మాత్రము అంటెను. పిల్లలు ముందుగా నేర్చుకొనునది పెద్దల వైఖరి యని ఆయన ఈ కమ్ముల కథను చెప్పి హెచ్చరించెను. పదునాలుగేండ్ల ప్రాయమునకే ఆయన బడిచదువు దాదాపుగా ముగిసెను.

1873లో ఉపనయనమైన పిమ్మట తండ్రి ఆతనిని హిమాలయములకు గొనిపోయెను. దారిలో కొన్నిదినములు బోల్పూరునందు ఆగిరి. తండ్రి అచట సంపాదించిన బయలే శాంతినికేతనము. పిదప అమృతసరము మీదుగా డల్హౌసీ కొండలకు పోయిరి. తండ్రి స్వయముగా సంస్కృతము, ఇంగ్లీషు, ఖగోళము చెప్పెను. ఇంగ్లీషునకు పీటర్ పార్లీ పేర వెలువడిన బాలుర పుస్తకములను వెంట తెచ్చియుండెను. వానిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ జీవితము కథవలె రుచించి బుద్ధియు గఱపునని యెంచి దానిని ఆరంభించెను. కాని చదివినకొలది ఆ పుస్తకమునందలి లెక్కలు వేసిన నీతి తండ్రికి రుచింపలేదు. ఇది చేసిన నింత లాభము, అది మానిన నింత లాభము అను ధోరణి ఆయనకు ఏవగింపు పుట్టించెను. చదివించుచు చదివించుచునే ఆ మాటలను ఖండింపక ఉండలేకపోయెను. పిల్లవానికొఱకు ఏరిన పుస్తకమును తానును కూడ చదివిన తండ్రికే ఆ లోపము తెలియవచ్చెను. చదువక యిచ్చిన తండ్రికి తెలియునా?

పిల్లల సాహిత్యమున తొలి కృషి

1878లో ఇంగ్లండు పోయి 1880లో పట్టము లేకయే తిరిగివచ్చిన రవీంద్రునికి 1883లో మృణాళినీదేవితో వివాహమయ్యెను. 1885లో వదినెగారైన జ్ఞానదానందినీదేవి బాలక్ అను పిల్లల పత్రికను ఆరంభింపగా అందులో ఎక్కువ భాగమును నింపినవాడు రవీంద్రుడే. రాజర్షి నవల తొలుత వెలువడినది ఆ పత్రికయందే.

1892లో ఆయన విద్యలోని తాఱుమాఱును గూర్చి యొక గొప్ప వ్యాసమును రచించి చదివెను. మనుష్యుని దేహము మూడున్నర మూరలే యైనను మూడున్నర మూరల యింట ఎవడును కాపురముండజాలడు. మసలుటకు చోటు కావలయును. అట్లే పాఠ్యపుస్తకమొక్కటియే పిల్లవాని మనస్సునకు చాలదు, దానిచుట్టును ఇష్టముగా చదువుకొను పుస్తకముల బయలు ఉండవలెను. ఇది యందలి మొదటి వాదము. రెండవది యింకను ముఖ్యమైనది. ఇంగ్లీషు వాచకములలో ఎండుగడ్డి కుప్పవేయు కథయో, మంచుముద్దలతో ఆడుకొను పిల్లల కలహమో యుండును. సీమలోని పిల్లవానికి అవి నిత్యము చూచినవి గాన చదువగానే బొమ్మ కట్టును. వంగదేశపు పిల్లవాడు మంచుముద్దను ఎన్నడును చూడలేదు. వానికి మాట తెలిసినను బొమ్మ లేవదు. బొమ్మ లేవని చదువు జీర్ణముకాని అన్నమువంటిది. ఈ తర్కమే ఆయన తరువాత చేసిన పనికెల్ల పునాది యయ్యెను.

1894లో ఆయన అమ్మలు, అమ్మమ్మలు పిల్లలను ఆడించుచు పాడు జోలపదములను సేకరించి వానిపై విమర్శ వ్రాసెను. ఆ పదములకు పూర్వాపర సంబంధ ముండదు. ఒక బొమ్మవెంట ఇంకొక బొమ్మ మేఘములవలె కదలిపోవును. అందులకే అవి పసివానికి నచ్చునని ఆయన నిరూపించెను. చందమామను పిలిచి బువ్వ తినిపించు తెనుగుతల్లికి ఈ సిద్ధాంతము క్రొత్తది కాదు. పండితులకు మాత్రము క్రొత్తదయ్యెను.

దాయాది యన్న కుమారుడైన అవనీంద్రనాథుడు చిత్రకారుడు. బొమ్మలు గీయు చేతితో కథలును వ్రాయుమని ఆతనిని ప్రోత్సహించినవాడు రవీంద్రుడే. 1895లో శకుంతల, 1896లో క్షీరేర్ పుతుల్ అను పిల్లల కథలు అట్లు పుట్టెను. ఆ కాలముననే ఆ కుటుంబమునకు మిత్రుడైన ఉపేంద్రకిశోర రాయచౌధురి పిల్లల రామాయణమునకు తాను గీచిన చిత్రములు కొయ్యదిమ్మలలో చెడిపోగా, సీమనుండి పనిముట్లను తెప్పించి హాఫ్టోను అచ్చును స్వయముగా నేర్చి, బొమ్మల ముద్రణకు క్రొత్తదారి తీసెను. ఆయనయే 1913లో సందేశ్ అను సచిత్ర బాలల పత్రికను స్థాపించెను. 1907లో దక్షిణారంజన మిత్రమజుందారు పల్లెల ముదుసళ్ల నోటినుండి సేకరించి స్వయముగా బొమ్మలు గీచి ప్రకటించిన ఠాకుర్మార్ ఝులి యను కథలసంచికి రవీంద్రుడు పీఠిక వ్రాసెను. బట్టలవలె కథలును సీమ మరలనుండి దిగుచున్న దినములలో సొంత అవ్వల కథలు అచ్చుకెక్కుట స్వదేశివ్రతములలో నొకటిగా ఆయన భావించెను.

శాంతినికేతనము

1901వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన రవీంద్రుడు శాంతినికేతనమున బ్రహ్మచర్యాశ్రమము పేర బడిని తెఱచెను. మొదటి శిష్యులు ఐదుగురు. గోడల నడుమ తాను పడిన బాధ వారికి లేకుండ చెట్లక్రింద పాఠములు జరిపించెను. ధనమునకు మిక్కిలి యిబ్బంది. భార్య తన నగలనిచ్చి ఆదుకొనెను.

తోడ్తోడనే దుఃఖపరంపర సంభవించెను. 1902 నవంబరులో భార్య మృణాళినీదేవి మరణించెను. 1903లో కుమార్తె రేణుక క్షయచే మరణించెను. 1905లో తండ్రి గతించెను. 1907లో పదునొకండేండ్ల చిన్నకుమారుడు శమీంద్రుడు కలరా సోకి చనిపోయెను. రోగియైన రేణుకను అల్మోరా కొండలలో ఉంచి ఉపచరించుచు, తల్లిలేని బిడ్డల నలరించుటకై ఆయన వ్రాసిన పద్యములే 1903లో వెలువడిన శిశు. అందు ఉపదేశము లేదు. తల్లిని పల్లకిలో కూర్చుండబెట్టి తాను గుఱ్ఱమెక్కి దొంగలను గెలుచు బాలుడు, పూవై పూచి తల్లిని దాగుడుమూతలాడించు బాలుడు, ఇట్టివారున్నారు. వానిలో పెక్కింటిని ఆయనయే ఇంగ్లీషు చేసి 1913లో క్రెసెంట్ మూన్ పేర ప్రకటింపగా అవనీంద్రనాథుడు, నందలాల్ బోసు మొదలగు చిత్రకారుల వర్ణచిత్రములతో అది వెలువడెను. ఆ సంవత్సరమే ఆయనకు నోబెలు బహుమానము లభించెను.

1918లో ఆయన చిలుకకు చదువు చెప్పిన కథను వ్రాసెను. రాజు ఒక చిలుకకు విద్య గఱపుమని ఆజ్ఞాపించును. బంగారు పంజరము వచ్చును, పండితులు వత్తురు, వ్రాయసకాండ్రు పుస్తకములకు నకళ్ళు తీసి కొండలుగా పేర్తురు. పుటలను చింపి చిలుక నోటిలో కుక్కుదురు. అందఱికిని జీతములు పెరుగును. చిలుక మాత్రము చచ్చును. పిల్లవానిని చూడక పుస్తకముల లెక్కనే చూచు ప్రతి పాఠశాలకును, ప్రతి గ్రంథాలయమునకును ఈ కథ అద్దము.

మదనపల్లెలో

మదనపల్లెలో 1915లో అనీబిసెంటమ్మ దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించియుండెను. ఆమె అడయారున నెలకొల్పిన జాతీయ విశ్వవిద్యాలయమునకు రవీంద్రుడు కులపతి. 1919 ఆరంభమున ఆయన దక్షిణదేశమున ఉపన్యాసములిచ్చుచు మైసూరు, బెంగుళూరు ప్రాంతములు తిరిగి అలసి, కళాశాలాధ్యక్షుడును ఐరిషు కవియునైన జేమ్సు కజిన్సు ఆహ్వానముపై విశ్రాంతికై మదనపల్లెకు వచ్చెను. ఆ కళాశాలలో విద్యార్థులు వారమున కొకసారి పాటలకై కూడుట వాడుక. ఆ కూటమునకు రవీంద్రుడు వచ్చి జనగణమనను పాడెను. 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు మహాసభలో మొదటిసారి పాడబడిన ఆ గీతము ఇచ్చటి బాలుర నోట పల్లవి యయ్యెను. సంగీతజ్ఞురాలైన మార్గరెట్ కజిన్సు సహాయముతో దాని స్వరము వ్రాతలోనికి వచ్చెను. 1919 ఫిబ్రవరి 28వ తేదీన కవి మదనపల్లెలోనే ఆ గీతమును ఇంగ్లీషులోనికి అనువదించి భారత ప్రభాతగీతమని పేరిడెను. ఆ పాట 1950 జనవరి 24వ తేదీన జాతీయగీతమయ్యెను.

ఇచ్చట ఒక విశేషము కలదు. మదనపల్లె విద్యార్థులలో వంగభాష తెలిసినవారు అరుదు. అయినను నదుల పేర్లు, దేశముల పేర్లు, కొండల పేర్లు వారికి తెలియును. తెలిసిన పేరు వినబడినంతనే బొమ్మ లేచును. కవి బాల్యమున పాడిన ఇంగ్లీషు పాటకును, మదనపల్లె బాలురు పాడిన పాటకును గల భేదమిది. అర్థము తెలియుటకు అనువాదమును తానే చేసియిచ్చుట ఉపాధ్యాయధర్మమును ఎఱిగిన కవికే చెల్లును.

మదనపల్లెను వీడిన మూడు నెలలకు, 1919 మే నెల చివర, జలియన్‌వాలా బాగు దారుణమునకు నిరసనగా ఆయన సర్ బిరుదమును వదలుకొనెను. ఆ యేడే శాంతినికేతనమున కళాభవనము మొలకెత్తెను. 1921లో విశ్వభారతి ప్రతిష్ఠితమయ్యెను.

సహజ పాఠము

కళాభవనమునకు కొలదికాలములోనే అధ్యక్షుడైన నందలాల్ బోసు 1882లో బీహారునందు జన్మించెను, అవనీంద్రనాథుని శిష్యుడు. భారత రాజ్యాంగపు మూలప్రతికి అలంకారములు కూర్చినవాడు ఈయనయే. కవియు, చిత్రకారుడును కలిసి 1930లో సహజ పాఠము అను వాచకమును రెండు భాగములుగా వెలువరించిరి. అప్పటికి కవికి అరువదితొమ్మిదేండ్లు. నోబెలు బహుమానము పొందిన కవి అ, ఆ లకు పద్యములు కట్టుటకు కూర్చుండెను.

మొదటి భాగమున అక్షరములే మనుష్యులగును. మాటలు రాని పసివారివలె రెండక్షరములు కనిపించును. కొన్ని కూర్చుండి తీపి తినును, కొన్ని పాడుచు పడవ నడుపును, కొన్ని మూటలెత్తుకొని సంతకు పోవును. ఒక్కొక్క జంటకు రెండేసి చిన్న చరణములు, ఒక్కొక్క బొమ్మ. పిమ్మట పొట్టి వాక్యముల పాఠములు: తోట, చెఱువు, సంత, బండి, వాన. అన్నియు వంగపల్లెలో పిల్లవాడు నిత్యము చూచునవే. మొదటి భాగమున సంయుక్తాక్షరములు లేవు. అవి రెండవ భాగమునకు నిలిపియుంచబడెను. తెనుగున గుణింతము పట్టుబడిన పిమ్మటనే ఒత్తులలోనికి దింపు అయ్యవార్ల పద్ధతి వంటిదే యిది.

బొమ్మలను నందలాలు లినోలియము అను మెత్తని పలకపై చిన్న ఉలులతో చెక్కెను. తెల్లగా ఉండవలసిన భాగమును తొలగించి, మిగిలిన భాగమునకు సిరా పూసి అద్దుట ఈ పద్ధతి. ఇట్టి దిమ్మ సీసపు అక్షరములతోబాటు ఒకే యంత్రమున అచ్చుపడును. వేరు ఖర్చు లేదు. రంగులు లేవు, నలుపు తెలుపులు మాత్రమే. అయినను వానిలో కదలిక కలదు. ఆ 1930లోనే ఉప్పు సత్యాగ్రహమునకు కఱ్ఱ చేబట్టి నడచు గాంధీమహాత్ముని రూపమును నందలాలు ఇదే రీతిని చెక్కగా అది దేశమంతట ప్రసిద్ధమయ్యెను. చౌకవస్తువు, గొప్ప చేయి, తగిన విషయము అను మూడును కూడినచో రంగుల అవసరము లేదని సహజ పాఠము స్థాపించెను. నేటికిని వంగదేశమున తరతరముల పిల్లలకు అది ప్రథమవాచకముగా నిలిచియున్నది.

బొమ్మపై కవికిగల ఆసక్తి ఇంకొక దారిని కూడ ప్రవహించెను. 1924 ప్రాంతమున వ్రాతప్రతులలోని కొట్టివేతలను కలిపి పక్షులుగను, వింతమృగములుగను దిద్దుచు ఆయన చిత్రకారుడయ్యెను. 1930 మే నెలలో పారిసు నగరమున ఆయన చిత్రప్రదర్శనము జరిగెను. 1937లో వెలువడిన ఖాపఛాడా, సే అను హాస్యగ్రంథములకు బొమ్మలు గీచినవాడు తానే. ఆ యేటనే ప్రకటితమైన ఛడార్ ఛవి యందు నందలాలు చిత్రములును కవి పద్యములును జోడుగా నడచెను. 1941లో రోగశయ్యపైనుండియు పిల్లలకు గల్పసల్ప అను కథలపుస్తకము నిచ్చి, ఆ సంవత్సరమే ఆగస్టు 7వ తేదీన, తాను జన్మించిన జోడాసాంకో గృహమునందే ఆయన దేహము చాలించెను.

ఈ చరిత్రవలన తెలియునది

ఆయన నాటిన విత్తనములు తెనుగు నేలను కూడ చేరినవి. బెజవాడ గోపాలరెడ్డి వంటివారు శాంతినికేతనమున చదివి ఆయన గ్రంథములను తెనిగించిరి. 1832నాటి పెద్దబాలశిక్షతో అక్షరములు దిద్దిన జాతికి 1945లో బాల, 1947 జులైలో చందమామ అను పత్రికలు బొమ్మలతో వచ్చెను. 1957లో స్థాపితమైన నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయమువలన పెక్కు దేశభాషలయందు చౌకగా సచిత్ర పుస్తకములు లభించెను. మదనపల్లె చెంతనే ఋషివ్యాలీవారు పల్లెబడులకొఱకు బొమ్మగుర్తులుగల చిన్న అట్టల వరుసలను తయారుచేసి, పిల్లవాడు తనకు తగిన అట్టను తానే తీసికొని చదువు పద్ధతిని నెలకొల్పిరి. అది పర రాష్ట్రములకును వ్యాపించెను.

ఈ సీమలో ఈ విషయమునకు ఇంకొక ప్రాధాన్యము కలదు. కుప్పము మూడు భాషల కూడలి. ఒక యింట తెనుగు, పొరుగింట అరవము, దాపున కన్నడము. పుంగనూరు, మదనపల్లెలయందు ఉర్దూ మాటలాడు బిడ్డలును బడిలో పెక్కండ్రు. ఇంట ఒక మాట, బడిలో వేఱొక మాట విను పసివానికి అక్షరము రెండింతల బరువు. బొమ్మకు భాష లేదు. ఆవు బొమ్మను చూచి ఒకడు ఆవనును, ఒకడు పసు వనును, ఒకడు హసు వనును, ఒకడు గాయి యనును. అందఱికిని తెలిసినది ఒకటే. ఆ తెలిసినదానిక్రింద తెలియని అక్షరము నిలిచినప్పుడు అది భయపెట్టదు.

కావున చిన్న తరగతుల పిల్లలకు పుస్తకములను ఏరువారు రవీంద్రుని జీవితమునుండి కొన్ని కొలతలు గ్రహింపవచ్చును. బొమ్మయు మాటయు ఒకే సంగతిని చెప్పవలెను. బొమ్మ అట్టకు మాత్రము అంటించిన అలంకారమైనచో ఫలము లేదు. పిల్లవాడు చూచిన లోకము అందుండవలెను: పొట్టి పుంగనూరు ఆవు, వేరుసెనగ చేను, టమాటాల సంత, పట్టుపురుగుల తట్ట, గుట్టమీది గుడి. చూడని లోకము వచ్చినను చూచినదానిని పట్టుకొని రావలెను. అక్షరము పెద్దదిగాను, పంక్తులు కొలదిగాను, ఒత్తులు మితముగాను ఉండవలెను. లాభనష్టముల నీతిని గ్రుచ్చిన కథను విడువవలెను. వెలను, రంగులను చూచి మోసపోరాదు. నలుపు తెలుపుల సహజ పాఠమే దానికి సాక్ష్యము. అన్నిటికంటె ముఖ్యముగా, కొనుటకు ముందు పెద్దవాడు దానిని తుదివఱకు చదివి, ఒక పిల్లవానికి చదివి వినిపించి, వాని కన్నులను చూడవలెను. వాడు పుటను వెనుకకు త్రిప్పుమని యడిగినచో ఆ పుస్తకము కొనదగినది.

కొన్న పిమ్మట దానిని బీరువాలో పెట్టి తాళము వేయుట తగదు. చినుగునను భయము సహజమే. కాని పసిపిల్లల పుస్తకము చినుగుట అది చదువబడినదనుటకు గుర్తు. దానిని అతికించి మరల నిచ్చుటయే గ్రంథపాలకుని పని. అట్ట నలగిన రామాయణముకడ కూర్చుండి కన్నీరు కార్చిన బాలుడు, ఱొమ్ముపై సంపుటము నిలుపుకొని తిమింగిలమును చదివిన బాలుడు తరువాత ఏమయ్యెనో లోకమునకు తెలిసియే యున్నది. ప్రతి గ్రామమునందును అట్టి బాలురు, బాలికలు నేడును గ్రంథాలయపు గడపకడ నిలిచియున్నారు. వారి చేతికి తగిన పుస్తకమును అందించు భాగ్యము ఈ గ్రంథాలయమునకు నిరంతరము కలుగుగాక.